దవాఖాన దూరం, పుకారు దగ్గర

మా నారాయణఖేడ్ మూడు రాష్ట్రాలు దగ్గరపడే మూలలో ఉంది. అంగడి రోజు బజారులో కాసేపు నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. 1956కు ముందు మా తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లా. జిల్లాల పేర్లు ఎన్ని మారినా ఇంట్లో జబ్బు ముదిరినప్పుడు వినిపించే మాట మాత్రం మారలేదు: "ఏ దిక్కు పోదాం?" సంగారెడ్డికా, బీదరుకా, ఏకంగా హైదరాబాదుకా? ఊళ్ళో దవాఖాన ఉంది, డాక్టర్లు ఉన్నారు. కానీ పెద్ద జబ్బు అనగానే బండి మాట్లాడాలి, డబ్బు సర్దాలి, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరికో అప్పజెప్పాలి. తాండాల వాళ్ళకైతే ఖేడ్‌కు రావడమే ఒక ప్రయాణం.

ఈ లెక్కలన్నీ వేసుకునేలోపు సలహా వచ్చేస్తుంది. దానికి బండి అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. పక్కింటి నుంచి వస్తుంది, పుట్టింటి నుంచి వస్తుంది, ఇప్పుడైతే ఫోన్లో వస్తుంది. వచ్చి నేరుగా వంటింట్లోనే దిగుతుంది. ఎందుకంటే కషాయం కాచేది మనం, గోలీ ఇచ్చేది మనం, "ఇంకొక్క రోజు చూద్దాం" అనేదీ చాలాసార్లు మనమే. అందుకే అంటురోగాల చరిత్రను రాజులు, ప్రభుత్వాలు, ఆసుపత్రుల వైపు నుంచి కాకుండా మన వంటింటి వైపు నుంచి చూడాలనిపించి ఇది రాస్తున్నాను.

తల్లి వచ్చిన ఇల్లు

మా అత్తమ్మ జబ్బ మీద గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకూ ఉండే ఉంటుంది. మశూచి టీకా మచ్చ అది. ఆమె మశూచి అనదు, "తల్లి" అంటుంది. మన దగ్గర ఆ రోగాన్ని పేరు పెట్టి పిలిచేవారే కాదు. "అమ్మ పోసింది", "తల్లి వచ్చింది" అనేవారు. పోచమ్మ కోపగించిందని, ఆమెను చల్లబరచాలని నమ్మేవారు.

అప్పుడు ఇంట్లో ఏం చేసేవారో అత్తమ్మ చెబుతుంటే నేను శ్రద్ధగా విన్నాను. గుమ్మానికి వేపమండలు కట్టాలి. అవి కనపడితే బయటివాళ్ళు లోపలికి రారు. తాలింపు పెట్టకూడదు, మాంసం వండకూడదు. రోగిని వేపాకుల మీద పడుకోబెట్టాలి. చల్లటి తిండి పెట్టాలి. అన్నీ తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో స్నానం చేయించి, పోచమ్మకు బోనం తీసుకెళ్ళాలి.

ఇందులో మూఢనమ్మకం ఎంత, తెలివి ఎంత? మశూచి పెద్దగా వస్తే పది మందిలో ముగ్గురు చనిపోయేవారు. ఒకసారి వచ్చాక తగ్గించే మందు ఏ డాక్టరు దగ్గరా ఉండేది కాదు. మందే లేని రోగానికి చేయగలిగింది రెండే: రోగికి సేవ చేయడం, మిగతావాళ్ళను దూరం ఉంచడం. వేపమండ ఆ రెండో పని చేసేది. మనం 2020లో ఇంటి గేటుకు అంటించిన కాగితం పనే అది. చదువు లేని వాళ్ళు కూడా చదవగలిగిన కాగితం. కాబట్టి ఆ ఆడవాళ్ళను చూసి నవ్వడానికి నాకు మనసు రాదు.

కానీ అదే నమ్మకానికి రెండో ముఖం కూడా ఉంది. ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో టీకా కనిపెట్టాడు. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ళ ఆడపిల్లకు వేశారు. అంటే తగ్గించే మందు లేకపోయినా, రాకుండా ఆపే మందు వచ్చేసింది. అయినా ఊళ్ళకు టీకాలు వేసేవాళ్ళు వస్తే తలుపులు వేసుకునేవారు. తల్లికి కోపం వస్తుందని ఒక భయం, పరాయి పాలకులు తెచ్చిన సూది అని ఇంకో భయం. ఆ భయం పోగొట్టడానికి ఆడవాళ్ళ మాటే పనికొస్తుందని అప్పుడే గ్రహించినట్టుంది. మైసూరు రాణుల చిత్రం ఒకటి 1805 ప్రాంతంలో థామస్ హికీ అనే చిత్రకారుడు వేశాడు. అందులో ఒక రాణి కొంగు పక్కకు జరిపి చెయ్యి చూపుతున్నట్టు ఉంటుంది. టీకా వేయించుకున్న చోటును చూపడానికే అలా వేశారని ఒక చరిత్రకారుడి వాదన. నిజమైతే, రాణిగారు వేయించుకున్నారు, మీరూ వేయించుకోండి అని చెప్పిన బొమ్మ అది.

మశూచి చివరికి ఎలా పోయిందో చూడండి. 1970లలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. ఎక్కడ కేసు ఉందో వెతికి, ఆ చుట్టుపక్కల అందరికీ టీకాలు వేశారు. రోగం దాచిపెడితే పని జరగదు కాబట్టి కేసు చూపించిన వాళ్ళకు బహుమానం ప్రకటించారు. 1975లో అది వెయ్యి రూపాయల దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో వెయ్యి అంటే మాటలా! మన దేశంలో చివరి కేసు 1975 మే నెలలో కనిపించింది. 1980 మేలో ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పుకారు ఉచితంగా తిరుగుతుంది కదా, నిజమైన కబురుకు మాత్రం సర్కారు వెయ్యి రూపాయలు కట్టింది. ఆ ఖర్చు దండగ కాలేదు.

1918: లెక్కల్లో మిగిలిన దుఃఖం

నూరేళ్ళ కిందటి ఇన్‌ఫ్లుయెంజా గురించి మా ఇళ్ళల్లో కథలు మిగలలేదు. జనాభా లెక్కల్లో మాత్రం మిగిలింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో మొదలైన ఆ జ్వరం రైళ్ళ వెంట దేశమంతా పాకింది. వానాకాలం చివర వచ్చిన రెండో విడత చాలా ఘోరంగా చంపింది. దేశంలో కోటికి పైగా మనుషులు పోయారు. కోటీ ఎనభై లక్షల దాకా అన్న అంచనాలూ ఉన్నాయి. అప్పుడు మా ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. 1911లో హైదరాబాద్ రాజ్యం జనాభా 1 కోటీ 33 లక్షలు. 1921 నాటికి 1 కోటీ 24 లక్షలకు తగ్గింది. పదేళ్ళలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. ప్లేగు, కరువు, ఇన్‌ఫ్లుయెంజా మూడూ కలిసి చేసిన పని అది.

ఆనాటి నివేదికల్లో ఒక విషయం నన్ను ఆపేసింది. మన దేశంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ మంది పోయారు. కారణం వెతకడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. ఇంట్లో నలుగురు పడుకుంటే నలుగురికీ గంజి కాచేది ఎవరు? తన ఒళ్ళు కాలిపోతున్నా లేచేది ఎవరు? మిగిలింది తిని, చివర పడుకునేది ఎవరు? పైగా ఆ ఏడు తిండి గింజలు కరువు. డాక్టర్లలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిపోయారు.

హైదరాబాదులో అప్పటికే వైద్య విద్య ఉంది. 1846లోనే వైద్య పాఠశాల పెట్టారు. 1889లో అక్కడ చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇచ్చే డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. అంటురోగాల వాళ్ళను విడిగా ఉంచే ఆసుపత్రీ నిజాం కాలంలోనే వచ్చింది. అదే ఇప్పటి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి. పాతవాళ్ళు దాన్ని "కోరంటి దవాఖాన" అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి కోరంటి అయింది. 2020లో ఆ మాట కొత్తగా విన్నామనుకున్నాం కానీ మన తాతమ్మల నోట్లో అది ఎప్పుడో ఉంది. అయితే ఈ గొప్పలన్నీ పట్నానివి. బీదరు జిల్లా మారుమూల పల్లె నుంచి ఎడ్లబండి మీద కోరంటికి వెళ్ళగలిగిన ఆడమనిషి ఎంతమంది ఉండి ఉంటారు?

పిల్లల జ్వరం, పట్నం జ్వరం

2003 వేసవి చివర ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్ వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయేది. అందరూ మెదడువాపు అన్నారు. మొదట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. పరీక్షలు చేస్తే చాందీపురా వైరస్ అని తేలింది. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్ళో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. మట్టి గోడల పగుళ్ళలో ఉండే చిన్న ఇసుక ఈగలతో వ్యాపిస్తుందంటారు. ఆ మూడు నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు వస్తే 183 మంది చనిపోయారు. ఇలాంటి రోగంలో తల్లికి దొరికే సమయం గంటల్లో ఉంటుంది. ఆ గంటల్లో ఒకరు దిష్టి అంటారు, ఒకరు గాలి సోకిందంటారు. దిష్టి తీయడం వల్ల పిల్లకు హాని లేదు. కానీ దిష్టి తీసి "పొద్దున దాకా చూద్దాం" అనుకుంటే ఆ రాత్రి మళ్ళీ రాదు.

తర్వాత వచ్చింది స్వైన్ ఫ్లూ. మన దేశంలో మొదటి కేసు 2009 మేలో హైదరాబాదులోనే తేలింది. 2015 జనవరిలో తెలంగాణలో అది మళ్ళీ బాగా ఎక్కువై, చివరికి ఆరోగ్య శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పదవి కూడా పోయింది. అప్పుడే వాట్సాప్ మన ఇళ్ళల్లో అడుగుపెడుతోంది. కర్పూరం, యాలకులు రుమాలులో కట్టుకుని వాసన చూస్తే స్వైన్ ఫ్లూ రాదన్న కబురు ఊరూరా తిరిగింది. స్కూలు పిల్లల జేబుల్లో చిన్న చిన్న మూటలు పెట్టి పంపిన తల్లులు మీలోనూ ఉండి ఉంటారు. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అసలు మందు ఒసెల్టామివిర్ అనీ, అది సర్కారు దవాఖానలో ఇస్తారనీ, త్వరగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందనీ ఎంతమందికి తెలిసింది? మూట సంగతి తెలిసినంత మందికి మాత్రం తెలియలేదు.

2020: భయం ముందు వచ్చింది

కరోనా తెలంగాణలో మొదట తేలింది 2020 మార్చి 2న. భయం మాత్రం అంతకు ముందే వచ్చింది. ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక వ్యక్తి తనకు వచ్చిన మామూలు జ్వరాన్ని కరోనా అనుకుని, ఇంటివాళ్ళకు అంటుతుందేమోనన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి మన రెండు రాష్ట్రాల్లో ఒక్క కేసు కూడా లేదు. చైనా వీడియోలు చూసి చూసి అతని మనసు చెదిరిందని వార్తలు వచ్చాయి. ఒక మనిషిని వైరస్ ముట్టకుండానే కరోనా తీసుకుపోయింది.

అదే నెలలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుతో చికెన్ ధరలు పడిపోయాయి. ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు వేదిక మీద నిలబడి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మా వైపు నాటుకోళ్ళు పెంచుకుని నాలుగు రూపాయలు చూసుకునే ఆడవాళ్ళకు ఆ నెల ఎంత కష్టమైందో ఎవరూ లెక్క రాయలేదు.

మార్చి 10 రాత్రి మాకు పొరుగున ఉన్న కలబురగిలో దేశంలోనే మొదటి కరోనా మరణం జరిగింది. 76 ఏళ్ళ పెద్దాయన. సౌదీ నుంచి వచ్చాక జబ్బు పడితే కలబురగి నుంచి హైదరాబాదుకు తీసుకొచ్చారు. అక్కడి నుంచి తిరిగి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. కరోనా అని తేలింది ఆ తర్వాత. మా ప్రాంతం మనుషులకు ఆ వార్త అర్థమైనంత బాగా పట్నం వాళ్ళకు అర్థం కాకపోవచ్చు. జబ్బు మనిషిని బండిలో వేసుకుని ఊరూరా తిరగడం అంటే ఏమిటో మాకు తెలుసు.

లాక్‌డౌన్ వచ్చాక పనుల కోసం వలస వెళ్ళిన వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని వెనక్కు వచ్చారు. బస్సుల్లేవు. మామూలు డాక్టర్లు కూడా క్లినిక్కులు మూసుకున్నారు. బీపీ గోలీలకూ, షుగరు గోలీలకూ కరువొచ్చింది. కాన్పు రోజులు దగ్గరపడిన వాళ్ళ బాధ చెప్పనలవి కాదు. సరిగ్గా ఆ ఖాళీలోకే సలహాలు వరదలా వచ్చాయి. పద్నాలుగు గంటలు ఇంట్లో ఉంటే వైరస్ చచ్చిపోతుందని ఒకటి. వేడినీళ్ళు తాగుతూ ఉంటే గొంతులోనే కాలిపోతుందని ఒకటి. అర్ధరాత్రి దీపాలు పెట్టాలని ఒకటి.

వీటిలో చాలావాటితో నష్టం లేదు. మిరియాలు, శొంఠి, తులసి వేసి కాచుకుంటే గొంతుకు హాయిగా ఉంటుంది. అది వైరస్‌ను చంపదు, మనిషినీ చంపదు. కానీ అన్నీ అలాంటివి కావు. ఏప్రిల్ మొదట్లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాల వాళ్ళు టిక్‌టాక్‌లో వీడియో చూసి ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఆ కాయ ఆకారం కరోనా బొమ్మలా ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది కాబట్టి మందవుతుందట! ఉమ్మెత్త విషమని మన ఊళ్ళల్లో పశువులు కాసే పిల్లాడికి కూడా తెలుసు. తెలిసి కూడా ఎలా తాగారు? భయంలో మనిషికి తనకు తెలిసింది గుర్తు రాదు. ఎవరో గట్టిగా చెప్పిందే వినపడుతుంది.

2021: గోలీల ఫోటో

రెండో విడత వచ్చాక కషాయాల కాలం పోయింది, ప్రిస్క్రిప్షన్ల కాలం వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఫోన్ చూసినా ఎవరో ఒక డాక్టరు ఎవరికో రాసిచ్చిన చీటీ ఫోటో. మా మరిదికి జ్వరం వచ్చిన రెండో రోజే మా ఇంటికీ ఒకటి వచ్చింది. హైదరాబాదులో ఉండే చుట్టాలు ప్రేమతోనే పంపారు. "వదినా, మాకు ఇవే తగ్గించినయ్, ఇయ్యాలనే మొదలుపెట్టుండ్రి" అన్నారు. ఐదారు రకాల గోలీలు. అందులో ఒకటి స్టెరాయిడ్.

ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే ఆమె ఏఎన్ఎంను కలిపింది. ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. ఆక్సిజన్ ఎంత ఉంది? షుగరు ఉందా? 97 ఉంది, షుగరు ఉంది. "అయితే ఆ ఫోటో పక్కన పెట్టండి. జ్వరానికి పారాసిటమాల్ ఇయ్యండి, రోజుకు నాలుగుసార్లు వేలికి పెట్టి చూడండి, 94కు తగ్గితే నాకు చెప్పకుండానే దవాఖానకు పొండి" అన్నది. ఇంట్లో గొడవే అయింది. మందు చేతిలో ఉండి ఇవ్వకపోవడం ఎంత కష్టమో ఇచ్చేవాళ్ళకే తెలుసు. రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేచి ఆ చిన్న మిషను వేలికి తగిలించి అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. అతను తొమ్మిదో రోజుకు తేరుకున్నాడు.

ఏఎన్ఎం అలా ఎందుకు చెప్పిందో తర్వాత చదివితే అర్థమైంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని తేలింది. వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. కానీ ఆక్సిజన్ అవసరం లేని వాళ్ళకు లాభం కనపడలేదు. అంటే అదే గోలీ ఒకరికి ప్రాణం, ఇంకొకరికి దండగ. షుగరు ఉన్నవాళ్ళకు దండగతో ఆగదు, షుగరు పెంచి ఒంటి రక్షణ తగ్గిస్తుంది. ఆ మేలోనే బ్లాక్ ఫంగస్ మొదలైంది. షుగరు, స్టెరాయిడ్లు రెండూ కలిసిన చోట అది ఎక్కువగా వచ్చింది. మే 20న తెలంగాణ ప్రభుత్వం ప్రతి కేసూ చెప్పి తీరాల్సిన రోగాల్లో దాన్ని చేర్చింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు కన్ను, దవడ పోగొట్టుకునే భయంతో జనం నిలబడ్డారు. ఫోటోలో ఉన్న మందు అబద్ధం కాదు. అది ఇంకొకరి మందు, అంతే.

అదే నెల నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వైపు వేలమంది ప్రయాణం కట్టారు. ఆనందయ్య మందు మీకు గుర్తుండే ఉంటుంది. కంటిలో చుక్కలు వేయగానే ఆక్సిజన్ లేచిందని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియో ఇంటింటికీ చేరింది. ఆయన ఆ నెలాఖరుకు ఆసుపత్రిలో చనిపోయారు. ఆ కబురు మాత్రం వీడియో తిరిగినంత దూరం తిరగలేదు. హాని లేదన్న మాట మీద కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతిచ్చింది. కరోనాను తగ్గిస్తుందన్న రుజువు మాత్రం రాలేదు. వెళ్ళినవాళ్ళను నేను తప్పుపట్టను. ఆసుపత్రిలో మంచం దొరకదు, దొరికితే డబ్బు సరిపోదు. 2020 జూన్‌లో ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులకు రోజుకు మామూలు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలని ధర కట్టింది. మా వీధిలో ఒక పెద్దమనిషిని చేర్చడానికి వెళ్తే, ఒక ఆసుపత్రిలో ముందు రెండు లక్షలు కట్టమన్నారు. కొడుకులు తాళి బొట్లు కూడా కుదువ పెట్టి తెచ్చేలోపు ఆయన ఆగలేదు. అలాంటి రోజుల్లో ఉచితంగా ఇచ్చే మందు కోసం ఎవరైనా నడుస్తారు.

మేలోనే తెలంగాణ సరిహద్దుల్లో పొరుగు రాష్ట్రాల అంబులెన్సులను ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. సరిహద్దు ఊరిలో బతికే మాకు ఆ వార్త వేరేగా తగిలింది. జ్వరం వస్తే బీదరుకు పోయేవాళ్ళం మేము. రేపు వాళ్ళూ గేటు వేస్తే?

సూది మీద పుకార్లు

టీకాలు వచ్చాక పుకార్లు మళ్ళీ మన ఒంటి చుట్టూనే తిరిగాయి. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోకూడదని 2021 ఏప్రిల్‌లో ఒక మెసేజ్ వచ్చింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వం వెంటనే చెప్పింది. పిల్లలు పుట్టరని ఇంకో మాట. కొత్త కోడళ్ళున్న ఇళ్ళల్లో ఆ ఒక్క మాట చాలు, సూది ఆగిపోవడానికి. గర్భిణులకు టీకా వేయవచ్చని జూలై 2న గానీ చెప్పలేదు. అప్పటిదాకా ఉన్న ఆ ఖాళీలో పుకారే పెద్దమ్మ అయి కూర్చుంది. తల్లికి కోపం వస్తుందని తలుపులు వేసుకున్న 1802 నాటి ఇల్లు, పిల్లలు పుట్టరని తలుపులు వేసుకున్న 2021 నాటి ఇల్లు ఒక్కటే కదా అనిపించింది నాకు.

ఆ తలుపులు తెరిపించింది టీవీ కాదు, ఆశా అక్కలు. 2021 మేలో రాష్ట్రమంతా ఇంటింటా జ్వరం సర్వే చేశారు. ఆశాలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు ఎండలో తిరిగి, జ్వరం ఉన్నవాళ్ళకు మందుల కిట్టు ఇచ్చి, పేరు రాసుకున్నారు. మశూచిని తరిమిన పద్ధతే ఇది, ఇల్లిల్లూ తిరిగి వెతకడం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలందరికీ పురస్కారం ప్రకటించింది. జీతం కాదు, పారితోషికం మీద పనిచేసే ఆడవాళ్ళు వాళ్ళు. అదే ఏడాది సంగారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. దూరం కొంచెం తగ్గింది. కొంచెమే.

నేను పెట్టుకున్న లెక్క

ఇంత చదివాక, విన్నాక నాకు ఒకటి తోచింది. పుకారుకు బలం మన అమాయకత్వంలో కంటే దవాఖాన దూరంలోనే ఎక్కువ ఉంది. పిలిస్తే పలికే నర్సమ్మ దగ్గరలో ఉంటే ఉమ్మెత్త గింజ వైపు ఎవరు చూస్తారు? అందుకే పుకార్లు నమ్మకండని ఊరికే చెప్తే సరిపోదు. నమ్మదగిన మనిషి దగ్గరలో ఉండాలి. అది అడిగి సాధించుకోవాల్సిన హక్కు. గ్రామసభల్లో, వార్డు మీటింగుల్లో రోడ్డు, మోరీ సంగతులతో పాటు ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉందా అని కూడా మనం అడగాలి.

అప్పటిదాకా ఏ సలహా వచ్చినా నేను వేసుకునే ప్రశ్నలు ఇవి. ఇది చెప్పింది ఎవరు, వాళ్ళకు ఎవరు చెప్పారు? ఇది తప్పయితే పోయేదేమిటి, రెండు రూపాయల శొంఠా, కన్నా, ప్రాణమా? ఇది చేస్తూ దవాఖానకు వెళ్ళడం ఆలస్యం చేస్తున్నామా? ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు, గర్భిణికి, పసిపిల్లకు ఇదే ఇవ్వవచ్చా? నాలుగింటిలో దేనికి జవాబు తెలియకపోయినా ఆశా అక్కకో, 104కో ఫోన్ చేస్తాను. ఆయాసం ఉంటే ప్రశ్నలేమీ లేవు, 108 పిలవడమే.

ఇంకో మాట. వేపమండ కట్టిన వాళ్ళకు మనమంత చదువు లేదు, కానీ రోగం ఉందని దాచకుండా గుమ్మానికి కట్టి చెప్పారు. 2020లో మనలో చాలామంది జ్వరం వస్తే పక్కింటికి తెలియకుండా దాచాం, వీధివాళ్ళు వెలివేస్తారని. దాచిన ఇంటికి సలహా ఇచ్చేది ఫోనే తప్ప మనుషులు కారు. జబ్బు పడిన ఇంటి ముందు అన్నం గిన్నె పెట్టి, దూరంగా నిలబడి "ఎట్లుంది అక్కా, అంకె ఎంత ఉంది?" అని అడిగే పొరుగు ఉంటే సగం పుకార్లు ఆ గుమ్మం దాటవు. మొన్నటి ఆ రెండేళ్ళలో మీ ఇంట్లో ఏం కాచారు, ఏం నమ్మారు, ఎవరి మాట విని బయటపడ్డారు, తీరిక దొరికినప్పుడు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. మశూచి గురించి అత్తమ్మను అడిగితే ఇంత దొరికింది. 1918 గురించి అడగడానికి మా ఇంట్లో ఎవరూ మిగలలేదు.